వైజాగ్–చెన్నై సైకిల్ తొక్కాక అండమాన్‌లో ఎక్కడ పడుకోవాలి: హేవ్‌లాకా, నీలా, ఇంకోటా?

చెన్నైలో మెరీనా దగ్గర సైకిల్ ఆపి ఫొటో దిగిన గంటకి అందరికీ వచ్చే డౌట్ ఒకటే, ఇప్పుడు ఎక్కడికెళ్ళి పడుకోవాలి అని. ఇంటికెళ్ళి పడుకుంటే మర్నాడు ఫోన్లు, ఎల్లుండి ఆఫీసు, అయిపోయింది. ఎక్కడైనా సముద్రం పక్కన నాలుగు రోజులు కాళ్ళు చాపుకుని ఉండాలి, గాలి ఎటు ఉంది, ముందు ఎక్కుడు ఉందా, టిఫిన్ ఎక్కడ దొరుకుద్ది అని ఎవరూ అడగకూడదు. మా సైకిల్ బ్యాచ్‌లో సంక్రాంతి దాటితే చాలు ఎవరో ఒకరు అడుగుతారు, అండమాన్ వెళ్దామనుకుంటున్నాం హేవ్‌లాక్ బెటరా నీల్ బెటరా అని. నేను ఈ పని రెండు సార్లు చేశా, 2023 జనవరిలో ఒకసారి, 2025 జనవరిలో ఒకసారి. మొదటిసారి పూర్తిగా తప్పు చేశా, రెండోసారి సగమే తప్పు చేశా, అందుకని చెప్పే అర్హత ఉందనుకుంటున్నా.

పేర్ల సంగతి ముందే చెప్పేస్తా, లేకపోతే టికెట్ బుక్ చేసేటప్పుడు తికమక పడతారు. 2018 డిసెంబర్‌లో హేవ్‌లాక్‌కి స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కి షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు, 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం చేశారు. టికెట్ల మీద కొత్త పేర్లు కనిపిస్తే కంగారు పడొద్దు, అక్కడ ఆటో వాళ్ళు మాత్రం పాత పేర్లే అంటున్నారు, నేనూ అవే వాడతా.

రైడ్ గురించి రెండు ముక్కలు. చలికాలంలో మన కోస్తాలో గాలి ఈశాన్యం నించి వస్తుంది కాబట్టి వైజాగ్ నించి కిందకి తొక్కితే ఎక్కువ భాగం వీపు మీదే ఉంటుంది, చెన్నై నించి పైకి తొక్కినవాడి మొహం చూస్తే తేడా తెలిసిపోద్ది. మేము కత్తిపూడి దాకా పెద్ద హైవే మీద వచ్చి అక్కడ 216 నంబర్ హైవే పట్టుకున్నాం, కాకినాడ, యానాం, అమలాపురం, నరసాపురం, బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల, ఒంగోలు దగ్గర మళ్ళీ పెద్ద హైవే, నెల్లూరు మీదుగా చెన్నై. నేరుగా వస్తే 800 లోపే, ఇలా తిరిగితే మా మీటర్లో 850 దాటింది, ఏడు రోజులు. కోనసీమలో రోడ్డు ఎంత బాగుంటుందో చెప్పక్కర్లేదు, ఒంగోలు తర్వాత లారీల మధ్య ఎంత బోరో కూడా చెప్పక్కర్లేదు.

కానీ దీవి ఎంచుకునే ముందు చూసుకోవాల్సింది ఫొటోలు కాదు, మీ ఒళ్ళు. ఇది ఏ ట్రావెల్ ఏజెంటూ అడగడు. నాకు బాపట్ల దాటాక కుడిచేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి పొద్దున్నే షర్టు గుండీ పెట్టుకోలేకపోయా, రోజంతా హ్యాండిల్ మీద అరచేయి ఆనించి ఉంచితే అక్కడి నరం నలిగి అలా అవుతుందట, తగ్గడానికి రెండు వారాలు పట్టింది. సీటు దగ్గర ఒరుసుకుపోయి రెండు చోట్ల చర్మం లేచింది. మెడ వెనక పట్టేసింది. ఆకలి మాత్రం దెయ్యంలాగా, రైడ్ అయిపోయినా ఇంకో మూడు రోజులు పొట్ట ఇంకా తొక్కుతున్నాం అనుకుంటూనే ఉంటుంది. ఇప్పుడు ఈ ఒంటితో దీవికెళ్ళి ఏం చేయగలరో ఆలోచించండి. పుండు పచ్చిగా ఉంటే ఉప్పునీళ్ళలో దిగలేరు, దిగితే మంట సరే, తడి చెడ్డీ ఒరుపుకి, ఇసుకకి ఇంకా పెద్దదవుతుంది, రెండు రోజులు మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టి వదులుగా లుంగీ కట్టుకోవడమే మందు. తిమ్మిరి చేత్తో కయాక్ తెడ్డు పట్టుకోలేరు. ఉయ్యాల మంచం ఫొటోకి బాగుంటుంది కానీ వారం రోజులు నడుం వంచి కూర్చున్నవాడిని మళ్ళీ నడుం వంచి పడుకోబెడుతుంది, అరగంటకే లేచా నేను. పొడి ఇసుకలో నడిస్తే పిక్కలు పట్టేస్తాయి, అల తగిలి గట్టిపడ్డ తడి ఇసుక మీద నడవండి. నీళ్ళల్లో వెల్లకిలా తేలడం, అది ఒక్కటే, అన్ని నొప్పులకీ ఒకేసారి పనిచేసింది.

అంటే మీక్కావల్సిన దీవి ఎలాంటిదంటే: తక్కువ పడవలు మారాలి, నేల చదునుగా ఉండాలి, రూమ్ నించి నీళ్ళకి నడిచి పోవాలి, చూడాల్సినవి తక్కువ ఉండాలి. చివరిది ఎందుకంటే సైకిల్ తొక్కేవాళ్ళకి ఒక రోగం ఉంది, లిస్ట్ ఉంటే పూర్తి చేయకుండా కూర్చోలేం. పది పాయింట్లున్న దీవికి వెళ్తే పదీ చూసే వస్తాం, మళ్ళీ అలిసిపోయి.

మొదటిసారి నేనూ మా బావమరిదీ సరిగ్గా అదే చేశాం. ఐదు రోజుల ప్యాకేజీ, సెల్యులార్ జైలు, హేవ్‌లాక్ రెండు రాత్రులు, నీల్ ఒక రాత్రి, చివర్లో బారాటాంగ్. పైగా సైకిళ్ళు కూడా తీసుకెళ్ళాం, దీవంతా తొక్కేద్దాం అని. చెన్నైలో అట్టపెట్టె సంపాదించి, పెడల్స్ ఊడదీసి, హ్యాండిల్ తిప్పి, టైర్లలో కొంచెం గాలి తీసి ఫ్లైట్‌లో వేశాం, దిగాక చూస్తే నా సైకిల్ వెనక గేర్లు మార్చే డెరైలర్‌ని తగిలించే చిన్న హ్యాంగర్ ముక్క వంగిపోయి ఉంది. దాని మూలంగా చైను పెద్ద పళ్ళ మీదకి ఎక్కట్లేదు, అంటే ఎక్కుళ్ళకి కావల్సిన తేలిక గేర్లు లేవన్నమాట. ఆ ముక్క ఒక్కో మోడల్‌కి ఒక్కో రకం, దీవిలో ఎక్కడ దొరుకుద్ది. సరేలే సముద్రం పక్క రోడ్డే కదా చదునుగా ఉంటుంది అనుకున్నా.

హేవ్‌లాక్ చదును కాదండి బాబూ. తూర్పు పక్క, అంటే జెట్టీ నించి 3 నంబర్, 5 నంబర్ బీచ్‌ల మీదుగా కాలాపత్తర్ వైపు వెళ్ళే రోడ్డు బానే ఉంటుంది, సముద్రం ఒక పక్క, కొబ్బరి తోటలు ఒక పక్క. కానీ అందరూ చూడ్డానికి వెళ్ళేది 7 నంబర్, అదే రాధానగర్, అది దీవికి అవతలి పక్క, జెట్టీ నించి ఓ పది పన్నెండు కిలోమీటర్లు, మధ్యలో అడవి, ఎక్కుడు దిగుడు ఎక్కుడు దిగుడు. 850 తొక్కినోడికి అది లెక్కా అనుకుంటారు, బరువు గేర్లో, ఆ ఉక్కపోతలో, సీటు మీద కూర్చోలేక నిలబడి తొక్కుతుంటే లెక్కే. మా వాడు వెనక నించి "బావా, ఇది రెస్టా?" అన్నాడు. నేను మాట్లాడలేదు, మాట్లాడే ఊపిరి లేదు.

రాధానగర్ మాత్రం ఆ పేరుకి తగ్గదే. 2004లో టైమ్ మ్యాగజీన్ ఆసియాలో బెస్ట్ బీచ్ అంది, 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ వచ్చింది, అవన్నీ పక్కన పెట్టినా వెనకాల ఆ మహువా చెట్ల వరస ఎంత పొడుగుంటుందంటే కింద నిలబడితే మధ్యాహ్నం కూడా చీకటిగా ఉంటుంది, అక్కడి నించి తెల్లటి ఇసుకలోకి అడుగుపెడితే కళ్ళు మూతలు పడతాయి. పడమర పక్క కాబట్టి సూర్యాస్తమయం, కాకపోతే అండమాన్ మన టైమే వాడుతుంది గానీ చాలా తూర్పున ఉంది, జనవరిలో అయిదున్నరకల్లా చీకటి, అయిదు దాటితే విజిల్ వేసి బయటికి పంపేస్తుంటారు. మేము చెమటలు తుడుచుకుని నీళ్ళల్లో దిగేసరికి విజిల్ పడింది. ఒక సంగతి, 2010లో ఆ పక్కన స్నార్కెలింగ్ చేస్తున్న ఒకామెని మొసలి చంపేసింది, అందుకే ఈత కొట్టమన్న చోటే కొట్టండి, బోర్డులున్న చోట హీరోయిజం వద్దు.

ఇంకా హేవ్‌లాక్‌లో చిక్కు ఏంటంటే రిసార్టులు ఎక్కువ తూర్పు పక్కన ఉన్నాయి, ఆ పక్క పాటు తగిలితే, అంటే ఆటు టైములో, సముద్రం చాలా లోపలికి వెళ్ళిపోయి రాళ్ళు, పగడపు ముక్కలు తేలతాయి. "బీచ్ ఫ్రంట్" అని డబ్బు కట్టి, పొద్దున్న లేచి చూస్తే నీళ్ళు అక్కడెక్కడో మెరుస్తుంటాయి. పోటు ఎప్పుడో రూమ్ వాళ్ళని అడిగి దాన్ని బట్టి దిగాలి. శాండ్‌ఫ్లై కుట్లు కూడా ఉంటాయి, దోమ కన్నా చిన్నది, కుట్టినప్పుడు తెలీదు, రాత్రికి కాళ్ళంతా దద్దుర్లు. సాయంత్రం ఇసుక మీద నేరుగా పడుకోకుండా చాప వేసుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు.

మరి హేవ్‌లాక్ ఎవరికి? డైవింగ్ చేయాలనుకునేవాళ్ళకి, అందులో డౌటే లేదు, డైవ్ సెంటర్లు ఎక్కువ అక్కడే, తిండి కూడా రకరకాలు. ఫ్యామిలీ చెన్నై నించి మీతో కలిస్తే కూడా హేవ్‌లాకే, ఎందుకంటే మీరు అలిసిపోయారు గానీ వాళ్ళు అలిసిపోలేదు, వాళ్ళకి నీల్‌లో రెండో రోజే బోరు కొడుతుంది, మీ నిద్ర పాడు చేస్తారు. అయితే డైవింగ్ దిగిన రోజే పెట్టుకోకండి, వారం రోజుల చెమటకి ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది, అలాంటప్పుడు లోతుకి వెళ్ళి రావడం మంచిది కాదని మా ట్రైనర్ కుర్రాడే చెప్పాడు, ఒకటి రెండు రోజులు బాగా నీళ్ళు తాగి నిద్రపోయి అప్పుడు వెళ్ళండి. ఒకటి కన్నా ఎక్కువ డైవ్‌లు చేస్తే తర్వాత 18 గంటలైనా ఫ్లైట్ ఎక్కకూడదు, ఆఖరి రోజుకి డైవ్ పెట్టుకుని సాయంత్రం ఫ్లైట్ బుక్ చేసుకునేవాళ్ళని చూశా, వద్దు.

ఆ ప్యాకేజీలో బారాటాంగ్ గురించి చెప్పకపోతే నా కోపం చల్లారదు. జారవా తెగ వాళ్ళ రిజర్వు అడవి మధ్యలోంచి కాన్వాయ్ టైముకి వెళ్ళాలి కాబట్టి రాత్రి రెండున్నరకి లేపారు. సైకిల్ టూర్లో కూడా నేను నాలుగున్నరకే లేచా! సున్నపురాయి గుహ, మడ అడవుల్లో బోటు బాగున్నాయి, కాదనను, కానీ పోను రాను జీపులో కూర్చోవడం ఉంది చూశారూ, సీటు పుండు ఉన్నోడికి అది శిక్ష.

ఇంక నీల్. 2025లో రైడ్ అయ్యాక సైకిల్‌ని చెన్నైలోనే రైల్వే పార్సిల్‌లో వైజాగ్ పంపేసి, ఒక్క బ్యాగుతో ఫ్లైట్ ఎక్కి, పోర్ట్ బ్లెయిర్‌లో ఒక రాత్రి ఉండి, మర్నాడు నేరుగా నీల్ ఫెర్రీ పట్టుకున్నా. ఐదు రాత్రులు ఒకే రూమ్. చాలామంది నీల్‌ని హేవ్‌లాక్ నించి వచ్చేటప్పుడు ఒక పూట చూసేసి పోతారు, జెట్టీలో దిగి, ట్యాక్సీ ఎక్కి, మూడు బీచ్‌లు చూసి, సాయంత్రం పడవ. అందుకే పదకొండు నించి మూడు దాకా భరత్‌పూర్ దగ్గర తిరునాళ్ళలా ఉంటుంది, గాజు అడుగు పడవలూ జెట్ స్కీలూ. మూడు దాటాక చూడండి, దీవి ఖాళీ. పొద్దున్న తొమ్మిది దాకా కూడా ఖాళీయే. అక్కడ రాత్రి ఉండేవాడిదే నీల్.

మొత్తం దీవి 14 చదరపు కిలోమీటర్లు కూడా లేదు, హేవ్‌లాక్ దానికి ఆరు రెట్లు పైనే. జెట్టీ నించి చివరి సీతాపూర్ దాకా అయిదు కిలోమీటర్ల చిల్లర, దాదాపు చదును, అక్కడక్కడ చిన్న మెలిక. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, రామ్‌నగర్, ఊళ్ళ పేర్లు వింటే రామాయణం ఎవరో నేల మీద ఒలకబోసినట్టుంటుంది. తూర్పు బెంగాల్ నించి వచ్చిన కుటుంబాలు స్థిరపడిన ఊళ్ళు ఇవి, కూరగాయలు పండిస్తారు, పోర్ట్ బ్లెయిర్ మార్కెట్‌కి కూడా ఇక్కడి నించే వెళ్తాయి. రోడ్డు పక్కన వంగ తోట, అరటి, మధ్యలో చెరువు, బాతులు, అచ్చం కోనసీమలో వదిలిపెట్టి వచ్చిన బొమ్మే, కాకపోతే చివర్లో పచ్చటి సముద్రం. మార్కెట్లో చిన్న హోటల్లో అన్నం, పప్పు, బెండకాయ వేపుడు, చేప పులుసు, అడిగినంత అన్నం వేస్తారు, నేను నాలుగోసారి అడిగితే ఆయన గిన్నె నా టేబుల్ మీదే పెట్టేసి వెళ్ళాడు. పులుసులో ఆవాలు ఎక్కువ, మన పులుపు ఉండదు, ఆవకాయ ప్యాకెట్ జేబులో ఉంటే ఇబ్బందే లేదు.

సైకిల్ అక్కడ అద్దెకి దొరుకుతుంది, నేను రోజుకి 150 ఇచ్చా. గేర్లు లేని మామూలు సైకిల్, ముందు బుట్ట, సీటు వెడల్పుగా స్ప్రింగులతో, దాని మీద కూర్చోగానే ఆహా అనిపించింది. రెండు రోజులు అసలు ముట్టుకోలేదు, మూడో రోజు నించి పొద్దున్నే సీతాపూర్ వెళ్ళి సూర్యోదయం చూసి రావడం, సాయంత్రం లక్ష్మణ్‌పూర్. ఎన్ని గంటలకి ఎంత స్పీడ్ అని చూసుకోవడానికి మీటర్ లేదు, వెనక నించి స్కూలు పిల్లలు బెల్లు కొడుతూ దాటుకుని పోతుంటే పోనిచ్చా. ఇలా కొంచెం కొంచెం తొక్కితే కాళ్ళు పట్టేయకుండా ఉంటాయి, అస్సలు కదలకుండా పడుకుంటే మూడో రోజుకి మెట్లు దిగలేరు.

నీళ్ళ సంగతికొస్తే భరత్‌పూర్ లోతు తక్కువ, అల లేదు, తేలడానికి అది. పాటు టైములో నడుచుకుంటూ లోపలికి వెళ్ళొచ్చు అనిపిస్తుంది గానీ కాళ్ళ కింద పగడాలు, తొక్కకండి, కోసుకుంటాయి కూడా. రెండో లక్ష్మణ్‌పూర్‌లో రాతి వంతెన దగ్గర మాత్రం పాటప్పుడే వెళ్ళాలి, రాళ్ళ మధ్య గుంటల్లో చిన్న చేపలు, సముద్రపు దోసకాయలు అవీ ఉంటాయి, రాళ్ళు జారతాయి, అడుగున పెడల్‌కి బిగించే క్లీట్ ఉన్న సైకిల్ బూట్లతో వచ్చిన ఒక మహానుభావుణ్ణి చూశా, పాపం.

నీల్‌లో ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఇంటర్నెట్ ఉండీ లేనట్టు ఉంటుంది. చెన్నై నించి సముద్రం అడుగున కేబుల్ వేసి 2020 ఆగస్టులో ప్రారంభించారు కదా, అది హేవ్‌లాక్‌కి వెళ్ళింది, లాంగ్ ఐలాండ్‌కి వెళ్ళింది, లిటిల్ అండమాన్‌కి వెళ్ళింది, ఆ లిస్టులో నీల్ పేరు లేదు. ఫోన్ పే నమ్ముకుని వెళ్ళకండి, క్యాష్ పట్టుకెళ్ళండి. పెద్ద హాస్పిటల్ లేదు. రాత్రి ఏడున్నరకి ఊరు నిద్రపోతుంది. మందు పార్టీ బ్యాచ్ అయితే అసలు వద్దు, వాళ్ళకి హేవ్‌లాకే నయం.

మరీ ముఖ్యంగా పడవ. నేను సగం తప్పు చేశానన్నది ఇక్కడే. నీల్ నించి ఆఖరి రోజు పొద్దున్న ఫెర్రీకి వచ్చి మధ్యాహ్నం ఫ్లైట్ ఎక్కుదామని ప్లాన్ చేసుకున్నా. ముందు రోజు రాత్రి గాలి లేచింది, పొద్దున్నకి సముద్రం తెల్లగా నురగలు కక్కుతోంది, ఫెర్రీ క్యాన్సిల్. ఫ్లైట్ టికెట్ డబ్బులు గంగలో కాదు బంగాళాఖాతంలో కలిశాయి. జనవరిలోనే ఇలా అయితే మే నించి సెప్టెంబర్ దాకా, నవంబర్ తుఫాన్ల రోజుల్లో ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఏ దీవికి వెళ్ళినా ఫ్లైట్‌కి ముందు రోజు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండి తీరాలి, దీన్ని ఖర్చు కింద లెక్కేయొద్దు, ఇన్సూరెన్స్ అనుకోండి.

లాంగ్ ఐలాండ్ గురించి అడుగుతుంటారు. నేను వెళ్ళలేదు, మా బ్యాచ్‌లో ఇద్దరు వెళ్ళొచ్చారు. లాలాజీ బే అని ఒక బీచ్ కోసం అడవిలో నడిచి గానీ చిన్న డింగీలో గానీ వెళ్ళాలి, ఊళ్ళో ఉండే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, బళ్ళ చప్పుడే లేదట. పడవలు రోజుకి ఇన్ని అని నమ్మకం లేదు, రంగత్ దగ్గర యెర్రట్టా జెట్టీ నించి పోవాలి లేదా సర్కారు పడవ టైము కలవాలి. పది రోజులున్నోడికి స్వర్గం, ఐదు రోజులున్నోడికి టెన్షన్. లిటిల్ అండమాన్ అయితే ఇంకా దూరం, హట్ బేకి పడవలో రాత్రంతా ప్రయాణం, బట్లర్ బే అలలు సర్ఫింగ్ చేసేవాళ్ళకి, మనకి కాదు, కాళ్ళు వణుకుతున్నప్పుడు సర్ఫ్ బోర్డు ఎక్కడం ఎందుకు.

ఇంకా తొక్కాలనే దురద తీరలేదు అనేవాళ్ళు కొంతమంది ఉంటారు, వాళ్ళు ఉత్తరాన రంగత్, మాయాబందర్, దిగ్లీపూర్ వైపు వెళ్తారు, చివర్లో రాస్ స్మిత్ అని రెండు దీవుల మధ్య ఇసుక దారి, 732 మీటర్ల సాడిల్ పీక్ ఉంటాయి. పేరులోనే సాడిల్ ఉందని నవ్వుకున్నాం. కానీ జారవా రిజర్వు ముక్క సైకిల్ మీద తొక్కనివ్వరు, బస్సు మీద వేసుకుని కాన్వాయ్‌లో దాటాలి, ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు. అది రెస్ట్ కాదు, రెండో టూరు.

అసలు అండమానే ఎందుకు అంటే మన రైడ్ చెన్నైలో ముగిసింది కాబట్టి. రెండు గంటల పైచిలుకు ఫ్లైట్, అంతే. అదే మున్నార్ దిగి కొచ్చిలో ముగిస్తే లక్షద్వీప్ చూడండి, ఆ లగూన్ నీళ్ళు చెరువులా కదలవు, నేల మొత్తం చదును, తేలడానికి దానికి మించింది మన దేశంలో లేదు. కానీ పర్మిట్ కావాలి, మన దేశం వాళ్ళకి కూడా, రైడ్ మొదలెట్టకముందే ఆ పని చూసుకోవాలి, మెరీనాలో నిలబడి అనుకుంటే అవ్వదు. బంగారం అనే దీవిలో తప్ప మందు లేదు, కొందరికి అది ప్లస్సు. వియత్నాంలో మెకాంగ్ డెల్టా తొక్కినవాళ్ళకి ఫు క్వోక్ ఉంది, రాచ్ జా నించో హా తియెన్ నించో ఫెర్రీ. ఫు క్వోక్‌కి వీసా అక్కర్లేదట కదా అని ఒకడు అడిగాడు, అది వేరే దేశం నించి నేరుగా దీవికే వెళ్ళేవాళ్ళకి, డెల్టా తొక్కాలంటే ఎలాగూ ఈ-వీసా తీసుకోవాలి. అక్కడ దీవి దాకా కూడా పోనక్కర్లేదని మా ఫ్రెండ్ అంటాడు, డెల్టాలో రోడ్డు పక్కన ఉయ్యాలలు కట్టిన కాఫీ కొట్లుంటాయి, ఒక కాఫీ కొని మధ్యాహ్నమంతా పడుకోవచ్చట. నడుం సంగతి వాడికింకా తెలీదు.

సైకిల్ తీసుకెళ్ళాలా వద్దా అంటే నా మాట వద్దనే. ఎయిర్‌లైన్‌ని బట్టి పెట్టెకి ఛార్జీ, ఫెర్రీ వాళ్ళు ఎక్కించుకుంటారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి, రెండు రోజుల ఉప్పుగాలికే చైన్ ఎర్రబడుతుంది. తీసుకెళ్ళే తీరతా అంటే రోజూ రాత్రి మంచినీళ్ళతో కడిగి తుడిచి చైన్ ఆయిల్ వేయండి, హ్యాంగర్ స్పేర్ ఒకటి, 15 నంబర్ స్పానర్ ఒకటి మర్చిపోవద్దు, పవర్ బ్యాంక్ పెట్టెలో కాకుండా చేతి సంచిలో.

ఇంతకీ ఫ్లైట్ పోయింది కదా, మర్నాడు పోర్ట్ బ్లెయిర్ చేరా. కొత్త టికెట్ రేటు చూస్తే కళ్ళు తిరిగాయి. జంగ్లీఘాట్ చేపల మార్కెట్ వైపు ఊరికే నడుస్తుంటే చుట్టూ తెలుగే, అది కూడా మా వైపు తెలుగు. శ్రీకాకుళం, విజయనగరం, భీమిలి నించి ఎప్పుడో వచ్చి స్థిరపడిన వాళ్ళు చాలామంది ఉన్నారక్కడ, 2011 లెక్కల్లో అండమాన్‌లో నూటికి 13 మంది దాకా తెలుగు వాళ్ళే. చేపలమ్మే పెద్దావిడ నా మొహం, నా చేతులు చూసింది, గ్లవ్స్ తొడిగిన దాకా తెలుపు, వేళ్ళు నలుపు.

"ఏటి బావూ, ఇలగ మాడిపోనావు?"

"సైకిల్ తొక్కానమ్మా, వైజాగ్ నించి చెన్నై దాకా."

"సైకిలు మీదా? ఎవులైనా డబ్బులిచ్చినారేటి?"

"లేదమ్మా, ఊరికే."

"ఊరికేనే!" అని పక్కావిడకి చెప్పి ఇద్దరూ నవ్వుకున్నారు. ఆవిడే చెప్పింది, ఎల్లుండి వైజాగ్ షిప్పు ఉంది కదా, ఫ్లైటెందుకు నీకు అని.

ఇది నా లెక్కలోనే లేదు. నెలకి ఒక్కటో ఏమో ఉంటుంది, డేట్లు ముందుకీ వెనక్కీ జరుగుతాయి, దాన్ని నమ్ముకుని ప్లాన్ చేయలేం, అందుకే ఈ పోలికలో ముందు చెప్పలేదు. బంక్ టికెట్ దొరికింది, హడ్డో జెట్టీలో ఎక్కా, వైజాగ్‌కి 56 గంటలు అన్నారు, కొంచెం ఎక్కువే పట్టింది. కొన్ని గంటలకే సిగ్నల్ పోయింది. క్యాంటీన్ తిండి మామూలే, టాయిలెట్లు చివరి రోజుకి అంతంత మాత్రం, మొదటి రాత్రి కొంచెం ఊగింది, వాంతి మాత్ర వేసుకుంటే సరిపోయింది. కానీ చూడాల్సిన పాయింట్ ఒక్కటీ లేదు, దిగి వెళ్ళే చోటు లేదు, రేటింగులు లేవు, డెక్ మీద ఇనప బెంచీ, చుట్టూ నీళ్ళు, ఎగిరే చేపలు. నీల్‌లో ఐదు రోజుల్లో పోని మెడనొప్పి షిప్పులో రెండో రోజు పోయింది. సెలవు ఉన్నోళ్ళు, సముద్రం పడేవాళ్ళు డేట్ గనక కలిస్తే తిరుగు ప్రయాణం దీంట్లోనే రండి, పోయేటప్పుడు మాత్రం వద్దు, పచ్చి పుండుతో ఆ బంకుల్లో మూడు రోజులు కష్టం.

మూడో రోజు తెల్లారుజామున డాల్ఫిన్స్ నోస్ లైటు కనిపించింది. హార్బర్ నించి నేరుగా స్టేషన్‌కి వెళ్ళా, సైకిల్ తీసుకుందామని. వచ్చి పది రోజులు దాటింది, రసీదు నా బ్యాగులోనే నాతోపాటు నీల్ అంతా తిరిగింది, ఇంట్లో వాళ్ళు వెళ్ళి విడిపించుకునే దారి లేదు, వార్ఫేజ్, అంటే ఆలస్యంగా విడిపించుకుంటే వేసే ఛార్జీ, లెక్క కట్టి ఆయన చెప్పిన అంకె విని కాసేపు అక్కడే కూర్చున్నా. మీరు మాత్రం ఆ రసీదు ఎవరికైనా ఇచ్చి వెళ్ళండి. డబ్బు కట్టి గోనె పట్టా విప్పితే రెండు టైర్లూ నేలకి అంటుకుపోయి ఉన్నాయి, పంపు బ్యాగులో లేదు, సైకిల్‌తో పాటే పార్సిల్ చేశాననుకున్నది చెన్నై రూమ్‌లో మర్చిపోయా, ఇంటిదాకా నడిపించుకుంటూనే వెళ్ళా.